అరవై ఒకటో పద్యం

"ఆ పుస్తకం కింద పెట్టు కిరణ్మయీ. పొద్దున్నే ఇంట్లో రచ్చ చేయొద్దు," అన్నాడు స్టాన్లీ. మెడ చుట్టూ తువ్వాలు, ఒక చెంప మీద ఇంకా సబ్బు నురగ.

కిరణ్మయి కింద పెట్టలేదు. అన్న గడ్డం గీసుకుంటూ ఉండగానే హాల్లో సోఫా వెనక పేర్చిన అట్టపెట్టెల్లో ఒకదాన్ని చించింది, పైనున్న పుస్తకం తీసింది, అరవై ఒకటో పద్యం దగ్గర ఆగిపోయింది. హొసకోటెలో చీకటితో లేచి తొలి బస్సుకు హూడిలో అన్న ఇంటికి వచ్చింది ఎందుకు? రేపు చర్చిలో ఆవిష్కరణ అయి పదిమంది చేతుల్లో పడకముందే నాన్న పుస్తకాన్ని తను ఒకసారి పట్టుకుని చూద్దామని. చూసింది.

పుస్తకం కట్టు బాగానే ఉంది. ఆ ఒక్క కాగితం మాత్రం కుట్టులోది కాదు. విడిగా అచ్చు వేయించి, అంచుకు జిగురు రాసి లోపల అతికించారు. జిగురు సరిగా ఆరను కూడా లేదు, వేలికి అంటుకుంది. కొంగుకు తుడుచుకుంది. వెళ్ళి చేయి కడుక్కుని వచ్చింది. అయినా వేలు జిగటగానే ఉన్నట్టు తోచింది.

అన్న బయటికి రాకముందే ప్రెస్సు గోపాలప్పకు ఫోన్ చేసింది. ముసలాయన కాసేపు నీళ్ళు నమిలాడు, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నా తప్పేం లేదమ్మా. కట్టు అయిపోయినంక మీ అన్న వచ్చినాడు. ఆ పేజీ కోసేసి ఇది అతికించప్పా అన్నాడు. నీకు తెలిసే చేస్తా ఉండాడు అనుకుంటి."

ఆమెకు తెలిసి చేయడమా. రెండేళ్ళు, రోజూ బడిలో పాఠాలు చెప్పి వచ్చాక, నాన్న నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పద్యమే టైపు చేసింది ఆమె. రెవరెండ్ దేవసహాయం పోయి నలభై ఏళ్ళు దాటింది. బతికి ఉండగా ఆయన పద్యం ఒక్కటీ అచ్చు మొహం చూడలేదు. మరియతనయ శతకమని నూట ఎనిమిది ఆటవెలదులు రాసి, బీరువాలో పెట్టి, సమాధికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళకు వెలుగు చూస్తుంటే, చూస్తున్నది ఇదీ:

వారు విప్ప వెరచె వనవాసి యోహాను
వేదవిదుల యింట వెలసి నేను
మాయ వీడి నీదు మహిమను జూచితి
మరియతనయ, నాదు మాట వినుము

మొదటి పాదం నాన్నది. చివరి పాదం ప్రతి పద్యానికీ ఉండే మకుటం. మూడో పాదం చివరి రెండు మాటలు తప్ప నడుమదంతా ఎవడో తెచ్చి ఇరికించింది. నాన్న రాసింది ఇదీ:

వారు విప్ప వెరచె వనవాసి యోహాను
అట్టి వారు కుట్టె నయ్య నాడు
మాదిగింట బుట్టి మహిమను జూచితి
మరియతనయ, నాదు మాట వినుము

వారు అంటే చెప్పుకు బిగించే తోలుపట్టీ. ప్రభువు చెప్పుల వారు విప్పడానికి కూడా తాను తగనన్నాడు యోహాను. అలాంటి వారు కుట్టి మమ్మల్ని సాకినవాడు మా అయ్య, ఆ ఇంట్లోనే పుట్టి నీ మహిమ చూశాను అని నాన్న నేరుగా యేసుకే చెప్పుకున్నాడు. ఆ అయ్య పేరు ఎల్లయ్య. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో చెప్పులు కుట్టేవాడు.

కిరణ్మయి పుస్తకం తిప్పి వెనక అట్ట చూసింది. తెల్లని అంగీ వేసుకున్న నాన్న ఫోటో. కింద, "శ్రోత్రియ కుటుంబమున జన్మించి, వేదశాస్త్రములు పఠించి, సత్యాన్వేషణలో క్రీస్తును కనుగొన్న మహనీయుడు."

"ఎవురు రాసినారు ఇది, ఆ పద్యం?" అంది.

స్టాన్లీ తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు. "భుజంగరావు గారు. నోట్‌బుక్‌లో ఆ పేజీ డ్యామేజ్ అయిపోయింది. ఆయన రీకన్‌స్ట్రక్ట్ చేసిచ్చినారు. స్కాలర్ ఆయన, నీకంటే నాకంటే తెలిసినవాడు."

"నేను టైపు చేసేటప్పుడు బాగుండింది కదా ఆ పేజీ. నోటుపుస్తకం తీసుకురా."

తీసుకొచ్చాడు. అదీ విచిత్రం, దాచిపెట్టలేదు, సాకు చెప్పలేదు, లోపలికి వెళ్ళి తెచ్చి చేతికిచ్చాడు. అరవయ్యో పద్యం తర్వాత అరవై రెండోది ఉంది. మధ్య కాగితం కుట్టు దగ్గర బ్లేడుతో కోసేసి ఉంది. చింపినట్టు కూడా లేదు, అంత నీటుగా ఉంది పని. మనిషి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, తొందర లేకుండా కోసిన కోత అది.

"నువ్వు టైపు చేసింది నీ లాప్‌టాప్‌లో ఉంటాది. ఉండనీ," అన్నాడు స్టాన్లీ. "నాన్న చేతిరాత యాడుంది? నువ్వే రాసుకున్నావు అని ఎవరైనా అంటే ఏం చూపిస్తావు?"

దేవసహాయం ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు తమ నోటితో విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషన్ రోజున తన శతకంలోంచి ఒక పద్యాన్ని ఎంచి, ఇది ఇకమీదట నీది అని ఇచ్చేవాడు. సంఘం ముందు దాన్ని చదవాలి, చచ్చేదాకా మరిచిపోకూడదు. పెద్దక్కకు మొదటి పద్యం, కిరణ్మయికి నలభై మూడోది. అరవై ఒకటోది స్టాన్లీది. పద్నాలుగేళ్ళ స్టాన్లీ కొత్త చొక్కా వేసుకుని, గొంతు వణుకుతూ ఆ పద్యం చదివితే, ముందు వరుసలో కూర్చున్న తోళ్ళ మండీ కూలీలు కండువాలు కళ్ళకు అడ్డం పెట్టుకోవడం కిరణ్మయి చూసింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. మా అన్న అని ఎంత పొంగిపోయిందో.

ఇప్పుడు ఆ అన్న తన కొడుకు పెళ్ళి కోసమని వాదిస్తున్నాడు. సందీప్‌కు ముప్పై రెండు నిండాయట. తల్లి లేని పిల్లాడట. మూడు సంబంధాలు ఎందుకు తప్పిపోయాయో నీకు తెలియదా అన్నాడు. లావణ్య వాళ్ళూ క్రైస్తవులే, పెద్ద కుటుంబం, సందీప్ ఆఫీసులోనే పిల్ల, ఇద్దరూ ఇష్టపడ్డారు. అన్నీ కుదిరాక లావణ్య తల్లి అర్చన ఆ ఒక్క ప్రశ్నా అడిగిందట. మతం మారకముందు మీరేంటండీ, అని.

ఆ ప్రశ్న కిరణ్మయికి కొత్తదేమీ కాదు. క్రీస్తులో మనమంతా ఒక్కటేనని ఆదివారం చప్పట్లు కొట్టి పాడినవాళ్ళే సోమవారం సంబంధం మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. అడిగేవాళ్ళను చూస్తే రోత. ఆ రోతకు జవాబుగా అబద్ధం వండి పెట్టిన సొంత అన్నను చూస్తే ఇంకా రోత.

"శ్రోత్రియులం అని చెప్పేసినావా?"

"చెప్పేసినా. నమ్మినారు. బుక్ వస్తా ఉంది, అందులో అంతా ఉంటాది అన్నా. ఈరోజు నాలుగింటికి వస్తా ఉండారు, చేతికి బుక్ ఇస్తా. అయిపోయింది."

కిరణ్మయికి అప్పటికి గానీ పూర్తిగా అర్థం కాలేదు. నలభై ఏళ్ళు బీరువాలో పడి ఉన్న నాన్న పద్యాల మీద అన్నకు ఉన్నట్టుండి ప్రేమ ఎందుకు పుట్టిందో, ఆవిష్కరణ ఈ నెలలోనే కావాలని ఎందుకు పట్టుబట్టాడో. తనేమో పిచ్చిదానిలా మురిసిపోయి, రెండేళ్ళు టైపు చేసిందంతా అతని చేతిలో పెట్టింది.

"నీ పద్యాన్ని నువ్వే కోసుకున్నావు కదన్నా," అంది.

స్టాన్లీ రెండో చెంప గీసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

బాల్కనీ తలుపు దగ్గర పేము కుర్చీలో పెద్దక్క కూర్చుని ఉంది. ఎనభై ఐదేళ్ళ మనిషి. ఒళ్ళో బైబిలు, చేతిలో భూతద్దం. ఇంత గొడవ జరుగుతున్నా తల ఎత్తలేదు. పుట కూడా తిప్పలేదు.

*

భుజంగరావుగారి ఇల్లు మల్లేశ్వరంలో. తెలుగు లెక్చరరుగా రిటైరైన పెద్దమనిషి, శతకానికి పీఠిక రాసింది ఆయనే. హూడిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి కిరణ్మయి వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఆయన ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. భార్య బాలాత్రిపురసుందరి నవ్వుతూ వచ్చి, కాఫీ కలుపుతానుండు తల్లీ అని లోపలికి వెళ్ళింది. ఈ ఇంట్లో ఎప్పుడూ వెండి గ్లాసులోనే కాఫీ ఇచ్చేవాళ్ళు. కిరణ్మయి దాన్ని వాళ్ళ మంచితనమనుకునేది.

పద్యం సంగతి అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాడు. పేజీ శిథిలమైందని మీ అన్నగారు మొదటి పాదం, మూడో పాదం చివరి మాటలు, మకుటం ఇచ్చారు, వంశ వివరాలు చెప్పారు, దాన్ని బట్టి పూరించానమ్మా అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు.

కిరణ్మయి అసలు పద్యం చదివింది. నాన్న నేర్పిన రాగంలో, రెండో పాదం చివర కాస్త ఆగి, మూడో పాదం ఎత్తుకునే తీరులో.

భుజంగరావు కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళజోడు తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"పద్యం గొప్పగా ఉందమ్మా. నాది దీని కాలి గోటికి చాలదు," అన్నాడు. మళ్ళీ ఆగి, గొంతు తగ్గించి, "కానీ అచ్చులో అంత స్పష్టంగా అవసరమంటావా? మరోలా కూడా చెప్పవచ్చు గదా," అన్నాడు.

గొప్పగా ఉందట, అవసరం లేదట. కిరణ్మయి ముందుకు జరిగి కూర్చుంది. మా నాన్న పలక పట్టుకుని ఛందస్సు నేర్చుకున్న సంగతి చెప్పమంటారా అంది. మిషను బడిలో తెలుగు పంతులు నాన్న పలక ముట్టుకునేవాడు కాదు. పిల్లవాడు పలక ఎత్తి పట్టుకుంటే, ఆయన నాలుగు బారల దూరం నుంచి గణం తప్పిందనో యతి తప్పిందనో కేకేసేవాడు. చేతులు నొప్పి పుట్టేదాకా పట్టుకుని నిలబడి నేర్చుకున్న ఆటవెలది అది.

భుజంగరావు తల వంచుకున్నాడు. అప్పుడే బాలాత్రిపురసుందరి కాఫీ తెచ్చింది. భర్తకు వెండి గ్లాసు, కిరణ్మయికి కాగితం కప్పు. వంటింట్లోకి పద్యం బాగానే వినిపించినట్టుంది. ఆవిడ నవ్వుతూనే ఉంది. గ్లాసులు తోమడానికి పనిమనిషి రాలేదమ్మా అంది.

భుజంగరావు ఆ కప్పు చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది. తన వెండి గ్లాసును ముట్టుకోలేదు, అలాగని భార్యను ఒక్క మాటా అనలేదు.

కిరణ్మయి లేచింది. కప్పును తీసుకెళ్ళి వాకిట్లో మందారం మొదట్లో ఒంపేసి, ఖాళీ కప్పును చేతిసంచిలో వేసుకుని బయటికి నడిచింది.

*

తిరిగి హూడి చేరేసరికి రెండు. ఇల్లంతా అగరుబత్తి కాదు, డబ్బాలోంచి కొట్టే మల్లెపూల వాసన. స్టాన్లీ స్నానం చేసి సిల్కు జుబ్బా వేసుకున్నాడు. సందీప్ స్వీట్లు తేవడానికి వెళ్ళాడట. అతనికి ఈ పేజీ సంగతేమీ తెలియదు. తాత కుటుంబం గురించి తండ్రి చిన్నప్పటి నుంచి చెప్పిందే అతనికి తెలుసు. ఏమీ చెప్పలేదు కాబట్టి ఏమీ తెలియదు.

కిరణ్మయి పెద్దక్క కాళ్ళ దగ్గర చాప వేసుకుని కూర్చుంది. అమ్మ పోయినప్పుడు ఆమెకు రెండేళ్ళు. పాలు పట్టింది, జడ వేసింది, పద్యం నేర్పింది అన్నీ ఈ పెద్దక్కే. పెళ్ళి చేసుకోలేదు. టీచరు ఉద్యోగం చేసి చెల్లెల్నీ తమ్ముణ్ణీ చదివించింది.

ఆ శతకం అసలు కాగితం మీద పుట్టలేదు. నాన్న వారానికి మూడు రోజులు సైకిలు మీద ఊళ్ళు తిరిగేవాడు. ఆనేకల్ వైపు మగ్గాల వాళ్ళ ఇళ్ళు, హొసకోటె అవతల కూలీల గుడిసెలు. వెనక క్యారియరు మీద పెద్దక్క. తొక్కుతూ తొక్కుతూ ఒక పాదం కట్టేవాడు, అనమ్మా అనేవాడు, ఆ పిల్ల అనేది. ఇంకో పాదం కట్టేవాడు, రెండూ కలిపి అనమనేవాడు. ఇల్లు చేరేదాకా పిల్ల నోట్లోనే పద్యం ఉండేది. లాంతరు వెలిగించాక, ఆమె చెబుతుంటే ఆయన రాసుకునేవాడు. నా నోటుపుస్తకం మా పెద్దమ్మాయే అని అందరితో అనేవాడు.

అందుకే కిరణ్మయికి ఇంకా ధైర్యం ఉంది. కాగితం పోతే పోయింది. కాగితం కంటే ముందు విన్న మనిషి ఎదురుగా కుర్చీలో ఉంది.

"పెద్దక్కా, వాళ్ళొచ్చినంక నేను ఆ పద్యం చదువుతా. అసలుది. నిన్ను అడుగుతారు. మా నాయన రాసిందే అని ఒక్క మాట అను. ఇంకేం వద్దు."

పెద్దక్క భూతద్దం బైబిల్లో పెట్టి మూసింది.

"ట్రైనింగుకు పోయినప్పుడు హాస్టల్లో పాడినాను ఆ పద్యం. సాయంకాలం ప్రార్థనలో. పద్దెనిమిదేండ్లు నాకు. బాగా పాడుతుందని అందరూ వచ్చి కూచున్నారు. తెల్లారి అన్నానికి పోతే నా తట్ట, నా గ్లాసు వేరేగా పెట్టి ఉండారు. బయట, కొళాయి దగ్గర."

"ఎవురు పెట్టినారు?"

"మనోళ్ళే. అది క్రిస్టియన్ హాస్టలే కదమ్మా. ప్రార్థన చేసే భోజనం చేస్తారు."

రెండేళ్ళు ఆ కొళాయి దగ్గరే తిన్నానని చెప్పింది. నాన్నకు చెప్పలేదట. చెబితే ఆ పద్యం రాసినందుకు బాధపడతాడని. ఆ తర్వాత ఇంట్లో తప్ప ఎక్కడా అరవై ఒకటోది పాడలేదట. చెల్లెలి చేయి తన రెండు చేతుల మధ్య పట్టుకుని, వద్దులేమ్మా, సందీప్ మంచి పిల్లోడు, వాడి తట్ట లోపలే ఉండనీ అంది.

కిరణ్మయి పొద్దున చూసిన కాగితం కప్పు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చి, ముసలిదాన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకని మింగేసింది. మనం దాచే కొద్దీ వాళ్ళు తట్ట వేరే పెడుతూనే ఉంటారు అని మాత్రం అంది. నాన్న ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇన్ని మాటలు పడి, ఒక్కటంటే ఒక్క పద్యంలో తనెవరో చెప్పుకున్నాడు, దాన్ని కూడా కోసేస్తే ఇక ఆయన ఎక్కడున్నట్టు అని అడిగింది.

పెద్దక్క చెల్లెలి తల నిమిరింది. ఆ నిమరడాన్నే సరేననడంగా తీసుకుంది కిరణ్మయి.

*

నాలుగున్నరకు వచ్చారు. అర్చన, ఆమె భర్త, లావణ్య. తెచ్చిన పళ్ళబుట్ట బల్ల మీద పెట్టి, ప్రార్థనతో మొదలుపెడదామంది అర్చన. స్టాన్లీ కళ్ళు మూసుకుని, గొంతు గద్గదం చేసుకుని, పరిశుద్ధ తండ్రీ నీవు మా కుటుంబాలను సత్యములో నడిపించు అని ఐదు నిమిషాలు ప్రార్థించాడు. సత్యము అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. కిరణ్మయి లెక్కపెట్టింది. కళ్ళు తెరిచే ప్రార్థన విన్నది.

స్వీట్లు తిన్నారు. సందీప్, లావణ్య ఒకరి ప్లేటులోంచి ఒకరు తీసుకుని నవ్వుకుంటున్నారు. ఆ ఇద్దర్నీ చూస్తే మాత్రం ఏ రోతా కలగలేదు, జాలి వేసింది. స్టాన్లీ పుస్తకం తెచ్చి రెండు చేతులతో అర్చనకు ఇచ్చాడు. ఆవిడ ముందు పేజీ కాదు, వెనక అట్టే చూసింది. చదివింది. భర్త వైపు చూసి తల ఊపింది. ఆ తల ఊపడం కోసమే కదా ఇంత తతంగం, అనుకుంది కిరణ్మయి.

"మీ సిస్టర్ చాలా బాగా పాడతారట కదండీ. ఒక పద్యం వినిపించండి," అంది అర్చన.

స్టాన్లీ చప్పున మొదటి పద్యం చదవమన్నాడు. అతని జుబ్బా చంకల్లో తడిసి ఉంది. కిరణ్మయి అతని వైపు చూడలేదు. అరవై ఒకటోది చదువుతాను, అది మా అన్న పద్యం, అంది.

చదివింది. గొంతు పొద్దున భుజంగరావు ఇంట్లో కంటే బాగా పలికింది. అట్టి వారు కుట్టె నయ్య నాడు అన్నప్పుడు లావణ్య తండ్రి చేతిలో చెంచా ఆగింది. మాదిగింట బుట్టి అన్నప్పుడు అర్చన పుస్తకంలో పేజీ వెతకసాగింది. వెతికి పట్టుకుంది. పద్యం అయిపోయేసరికి ఆవిడ వేలు అతికించిన కాగితం మీద ఉంది.

"ఇక్కడ వేరేగా ఉందే," అంది.

"నాన్న రాసింది నేను చదివిందేనండీ. మా తాత పేరు ఎల్లయ్య. చెప్పులు కుట్టేవాడు. కావాలంటే మా పెద్దక్కను అడగండి. ఈ పద్యాలన్నీ మొదట విన్నది ఆమే."

స్టాన్లీ లేవబోయి కూర్చున్నాడు. అందరూ పేము కుర్చీ వైపు తిరిగారు. అర్చన దగ్గరికి వెళ్ళి వంగి, ఏమ్మా నిజమేనా, అది మీ నాన్నగారిదేనా, అని మర్యాదగా అడిగింది.

పెద్దక్క ముందు సందీప్‌ను చూసింది. తర్వాత కిరణ్మయిని చూసింది. చూపు తిప్పుకోలేదు, చెల్లెలి కళ్ళలోకి చూస్తూనే చెప్పింది.

"ఆ పద్యం మా నాయనది కాదమ్మా. మా కిరణ్మయి కూడా పద్యాలు కడతాది. పేదోళ్ళ మీద జాలి జాస్తి దానికి. వాళ్ళ తరఫున రాసుకునింది."

ముందుగా స్టాన్లీ ఊపిరి వదిలాడు, పెద్దగా నవ్వాడు. మా చెల్లెలు అంతేనండీ, సోషల్ వర్క్ మైండ్, వాళ్ళ తాతను మా తాత అనేస్తుంది అన్నాడు. అర్చన ముఖం విప్పారింది. ఎంత గొప్ప మనసండీ మీది, ఆ జనాల బాధ మీ బాధగా రాశారు చూడండి అంటూ చప్పట్లు కొట్టింది. భర్త కూడా కొట్టాడు. రేపు సభలో మీ సొంత పద్యం కూడా చదవాలి మేడమ్, నేను వీడియో తీస్తాను అన్నాడు.

కిరణ్మయి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, సింకు పట్టుకుని నిలబడింది. అన్న మీద పొద్దుటి నుంచీ అసహ్యం వేస్తూనే ఉంది, అది భరించింది. పెద్దక్క మీద అసహ్యం వేయడం ఆమె బతుకులో ఇదే మొదటిసారి. దాన్ని ఎలా భరించాలో తెలియలేదు. ఆ చప్పట్లు ఇంకా వినిపిస్తున్నాయి. నాన్న చెప్పుకున్న ఒక్క నిజాన్నీ తన పేరున రాసి, తనకే బహుమతిగా ఇచ్చారు.

వెనక అడుగుల చప్పుడైంది. సందీప్. ఖాళీ ప్లేట్లు తెచ్చి బండ మీద పెట్టాడు. వెళ్ళిపోతాడనుకుంది, వెళ్ళలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అత్తా, ఆ పద్యం నువ్వే రాసినావా?"

కిరణ్మయి కొళాయి కట్టేసింది. తిరగలేదు.

"నువ్వే రాసుంటే, అందులో అయ్య అంటే మీ నాయన కదా," అన్నాడు సందీప్, గొంతు బాగా తగ్గించి. "మీ నాయన పాస్టరు. మరి చెప్పులు కుట్టిన అయ్య ఎవరత్తా?"